దర్బారు తెరతో చిక్కడపల్లికి

మాఘమాసం రెండో శనివారం, పొద్దున సరిగ్గా ఏడుంపావు. అశోక్ నగర్ చౌరస్తాలో ట్రాలీ ఆటో ఆగింది. ఇద్దరు ముసలివాళ్ళం దిగి, పది అడుగుల పొడవున్న చుట్టను ఒకటి దించుకున్నాము. ఊరి నుంచి దాన్ని ఎలా తెచ్చామన్నది రాయను. రాస్తే ఇంకెవరూ ప్రయాణం పెట్టుకోరు.

చుట్టలో ఉన్నది మా ఊరి దర్బారు తెర. పాలమూరు వైపు మా ఊళ్ళో జాతరకు నాటకం ఆడితే వెనకాల కట్టేది. మధ్యలో సింహాసనం, రెండు పక్కలా స్తంభాలు, పైన నెమళ్ళు. నా చిన్నప్పుడు ఊళ్ళు తిరిగే చిత్రకారుడు ఒకాయన వేసి పోయాడు. ఇప్పుడు రంగు పొట్టు లేస్తోంది. విప్పిన ప్రతిసారీ నెమలికి ఒక ఈక తక్కువ.

ఈసారి యువజన సంఘం పిల్లలు తెర వద్దన్నారు. ఫోనులో దొరికిన రాజభవనాన్ని ఫ్లెక్సు కొట్టిస్తామన్నారు. ఆ భవనం నేను చూశాను. మూడో కిటికీకి ఏసీ డబ్బా ఉంది. ఇదేందిరా అంటే, "రాజుకు ఉక్కపోయదా తాతా?" అన్నాడొకడు.

చివరికి ఒప్పందం ఒకటి కుదిరింది. మన తెరనే ఫొటో తీయించి కొత్త గుడ్డ మీద అచ్చు వేయించుకోవచ్చు. కానీ పదిహేను అడుగులకు పెంచినా మసక రాకూడదు. సోమవారం పొద్దున వాళ్ళు ఫ్లెక్సుకు ఆర్డర్ ఇస్తారు. ఆ లోపల మేము మంచి ఫొటో చూపిస్తే మా దర్బారు, లేకపోతే ఏసీ దర్బారు. పని చూసుకుని ఊరు చేరాను గనుక, వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

నాతో వచ్చినవాడు చెన్నయ్య. ఊరి వరుసకు నాకు బామ్మర్ది. నాటకంలో నేను రాజును, వాడు రాణి. నలభై ఏళ్ళు ఆ తెర ముందర పక్కపక్కన నిలబడ్డాము. ఇద్దరిలో ఎవరికి పేరెక్కువ అన్నది మా ఊళ్ళో ఎప్పుడో తేలిపోయిన సంగతి. నాకే.

అశోక్ నగర్

నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అంతకుముందు పద్యాలన్నీ చెవితో పట్టినవే. ఆలస్యంగా చదువొచ్చినవాడికి ఒక జబ్బుంటుంది, బోర్డు కనపడితే చదవకుండా దాటలేడు. ఈ జబ్బుతో అశోక్ నగర్ వస్తే మధ్యాహ్నానికి గాని రోడ్డు అవతలికి చేరడు. గోడలు, స్తంభాలు, చెట్లు, అన్నిటికీ కోచింగు బోర్డులే. ఒకే ఆడపిల్ల మొహం మూడు బోర్డుల మీద చూశాను. మూడింటిలోనూ 'ర్యాంకు సాధించిన మా విద్యార్థిని' అనే రాసి ఉంది. మా ఊళ్ళో ఒక బర్రెను ఇద్దరు మాదంటే పంచాయితీ పెడతాము. ఇక్కడ ముగ్గురంటే పక్కపక్కన బోర్డులు పెడతారు.

చాయ్ పదిహేను రూపాయలు. గ్లాసు మాత్రం మా ఊళ్ళో దగ్గు మందు పోసుకునేంత. పిల్లలు ఆ గుక్కెడు చాయ్ పట్టుకుని గంటసేపు రాజ్యాంగం గురించి కొట్లాడుకుంటారు. దేశం నడిపే లెక్కలన్నీ ఆ బండి దగ్గరే తేలుతున్నాయి, ఉద్యోగాలే తేలడం లేదు.

మేము చుట్టను భుజాలకెత్తి బండి వైపు నడుస్తుంటే జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. పట్నం మర్యాద నచ్చింది. ఒకావిడ చేతులు జోడించింది. చాయ్ పోసే ఆయన గిన్నె దించి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి, మెల్లగా అడిగాడు.

"ఎవలు పోయిన్రు పెద్దాయనా?"

అప్పుడు గాని వెనక్కి తిరిగి చూసుకోలేదు. రంగు రాలకుండా తెల్ల పంచె చుట్టి, మూడు చోట్ల కొత్త తాడు కట్టాము. ముందర నేను, వెనక చెన్నయ్య. ఎవరు చూసినా అదే అనుకుంటారు.

"ఇంక పోలే," అన్నాడు చెన్నయ్య. "సోమారం దాక టైమిచ్చిన్రు."

అక్కడే మమ్మల్ని కలిసింది లావణ్య, చెన్నయ్య మనవరాలు. సర్కారు కొలువు పరీక్షల కోసం ఇక్కడ హాస్టల్లో ఉంటుంది. తెరను ఫొటో తీయడానికి హాస్టల్ ఓనరు రావు గారిని ఒప్పించింది ఆమే. చుట్టను చూసి నెత్తి కొట్టుకుంది.

"తాతా, గిదేంది, పాడె లెక్క కట్టిన్రు? రావు సార్ వాళ్ళ గల్లీల అందరు కిటికీలు తెరుస్తరు ఇగ."

తెరిచారు.

చిక్కడపల్లి

వేణుగోపాలరావు గారిది లావణ్య ఉండే హాస్టల్ బిల్డింగు. తాతల కాలం నుంచి చిక్కడపల్లిలోనే ఉన్న కుటుంబం. కొలువులోంచి రిటైరయ్యాక ఆయన ఫుల్ ఫ్రేమ్ కెమెరా కొన్నారు. ఫుల్ ఫ్రేమ్ అంటే లోపల బొమ్మ పడే బిళ్ళ, పాతకాలపు రీలు ముక్కంత ఉంటుందట. బిళ్ళ పెద్దదైతే దానికి తగ్గ లెన్సులు కావాలి. అవి కూడా కొన్నారు. తర్వాత వాటికి ఒక అల్మారా కొన్నారు. తేమ పట్టకుండా అది పొద్దూ మాపూ కరెంటు మీద నడుస్తుంది.

"మా అత్త పట్టుచీరెలు అటక మీద చెదలు పడుతున్నయి," అన్నారు ఆయన భార్య సుగుణమ్మ గారు, మాకు మంచినీళ్ళిస్తూ. "లెన్సులకు మాత్రం కరెంటు అర్ర."

నేను మొహం మీదే అడిగే మనిషిని. "ఇన్ని లెన్సులతోని ఏమేం తీసిన్రు సార్?"

ఆయన సంతోషంగా కంప్యూటరు తెరిచారు. ఎదురింటి ఇటుక గోడ. యాభై నంబరు లెన్సుతో తీసిన గోడ. తొంభైతో తీసిన గోడ. ఇరవైతో తీసిన గోడ. మూలల్లో ఇటుక అంచు ఏ లెన్సుతో ఎంత గీత కట్టినట్టు వచ్చిందో పెద్దది చేసి చూపించారు. గోడ బాగానే వచ్చింది. ఎదురింటాయన మాత్రం ఒక్క ఫొటోలోనూ లేడు.

"మా పెండ్లయి నలభై ఏండ్లయిన దినం ఫొటో ఉంది," అన్నారు సుగుణమ్మ గారు. "మా చెల్లె కొడుకు ఫోనుల తీసిండు. ఈయన ఆ దినం ఏ లెన్సు పెట్టాల్నో తేలక, కేకు కోసే దాక సంచి విప్పలే."

దోమలగూడ నుంచి ఆయన స్నేహితుడు విఠల్ గారు వచ్చారు. ఈయనకూ అదే జబ్బు, కాకపోతే వేరే మందు. మా తెరకు ఏ లెన్సు అన్న వాదన మొదలైంది. తొంభై అన్నారు రావు గారు, సూది మొన కూడా కనపడుతుందట. వెడల్పు లెన్సు అన్నారు విఠల్ గారు, దగ్గర నిలబడి తెర మొత్తం పట్టొచ్చట.

"వెడల్పుది పెడితే స్తంభాలు వంగుతయి విఠల్. దర్బార్ల రాజుండాలె గాని, ఊగే రాజుండొద్దు!"

"నీ తొంభై పెడితే ఎంత ఎనుకకు పోవాలెనో ఎరుకేనా? నారాయణగూడల నిలబడి చిక్కడపల్లిని తియ్యాలె!"

మా ఊళ్ళో ఎద్దుల గురించి ఇలాగే కొట్లాడతారు. తేడా ఏమిటంటే, కొట్లాట అయ్యాక ఎవడో ఒకడు పోయి దున్నుతాడు.

లావణ్య విసిగిపోయి, "సార్, సెన్సార్ షిఫ్టు సంగతి చెప్పున్రి, తాతలకు తెల్వదు," అంది. అక్కడ మాత్రం రావు గారు చక్కగా చెప్పారు. ఒప్పుకోవాలి.

"చూడున్రి పెద్దాయనా. ఈ బిళ్ళ మీద కోట్ల గళ్ళుంటయి. ఒక్కో గడి ఒక్క రంగే చూస్తది, ఎరుపో, ఆకుపచ్చో, నీలమో. తక్కిన రంగులు పక్క గళ్ళను చూసి అంచనా కడతది. సెన్సార్ షిఫ్టంటె, ఆ బిళ్ళనే ఒక్క గడి అంత, ఇంక సగం గడి అంత జరిపి, మళ్ళ మళ్ళ తీసుడు. పదహారు ఫొటోలు తీసి ఒక్కటి చేస్తం. అప్పుడు ప్రతి చోట ఉన్నదున్నట్టు చూస్తది. అంచనా ఉండది."

"మరి కష్టమేంది?"

"పదహారు అయ్యేదాక ఏదీ కదలొద్దు. కెమెరా కదలొద్దు, తెర కదలొద్దు, గాలి ఆడొద్దు. కదిలితే బొమ్మ మీద జల్లెడ పరిచినట్టయితది."

తెర కదలొద్దట. నలభై ఏళ్ళలో మా తెర కదలకుండా ఉన్న రాత్రి నాకు గుర్తు లేదు.

భోజనం గురించి ఒక మాట. పచ్చిపులుసు బ్రహ్మాండం. కానీ పట్నంలో అన్నం "ఇంక కొంచెం?" అని ఒక్కసారే అడుగుతారు. మా వైపు మూడోసారి అడిగితే గాని ఒప్పుకోవడం మర్యాద కాదు. అలవాటు ప్రకారం వద్దన్నాను. సుగుణమ్మ గారు గిన్నె తీసుకుని లోపలికి పోయారు. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తు పెట్టుకోండి, మొదటిసారికే తల ఊపాలి. చెన్నయ్య ఊపాడు.

నారాయణగూడ

ఆదివారం పొద్దున నారాయణగూడలో చిన్న ఫంక్షన్ హాలు. సాయంత్రం అక్కడ ఎవరిదో ఊయల ఫంక్షను. అంతవరకు వాడుకోమన్నాడు మేనేజరు యాదగిరి. దారిలో ఇద్దరు ముగ్గురు మళ్ళీ దండం పెట్టారు. ఈసారి నేను కూడా తల ఊపాను.

తెర విప్పుతుంటే హాలు గచ్చు మీద రంగు పొట్టు రాలింది. నీలం, బంగారం, కొంత నెమలి. కుడి స్తంభం దగ్గర అరచేయంత పెచ్చు లేచి వేలాడుతోంది. రావు గారు కూడా లెన్సుల మాట వదిలి వంగి చూశారు. ఇంకొకసారి విప్పితే ఫొటో తీయడానికి ఏమీ మిగలదని అందరికీ అర్థమైంది.

తొంభై లెన్సు పెట్టారు. వెనక్కి, ఇంకా వెనక్కి. గోడ తగిలింది. తలుపు తీసి బయటికి. చివరికి కెమెరా స్టాండు కాళ్ళు రెండు మెట్ల మీదా, మూడోది బస్సులు పోయే రోడ్డు మీదా పడ్డాయి.

"లెన్సు మంచిదే సార్," అన్నాడు యాదగిరి. "బస్సు డ్రైవర్ ఒప్పుకోవాలె గంతే."

విఠల్ గారు మురిసిపోతూ తన వెడల్పు లెన్సు పెట్టించారు. మా స్తంభాలు రెండూ అరటి చెట్లలాగా వంగాయి. చివరికి సంచి అడుగున ఉన్న యాభై లెన్సు బయటికి తీశారు. కెమెరా కొన్నప్పుడు రాయితీలో ఇచ్చిందట. హాలుకు అదే సరిపోయింది. శనివారం పూట మొత్తం తిన్న వాదనలో దాని పేరు ఒక్కరూ ఎత్తలేదు.

ఫ్యాన్లు ఆపారు. ట్యూబులైట్లు కంటికి కనపడకుండా వణుకుతాయట, అవీ ఆపారు. కిటికీ వెలుగు చాలన్నారు. తెర కింది అంచుకు యాదగిరి ఇనుప కుర్చీలు మడిచి బరువు పెట్టాడు. రావు గారు మీట నొక్కబోతుంటే హాలులో పొగ.

చెన్నయ్య! తెర కడితే కొబ్బరికాయ కొట్టి హారతి ఇవ్వకుండా మేము ఎప్పుడూ ఆట మొదలు పెట్టలేదు. వాడి చేతులు వాటంతటవే ఆ పని చేసేశాయి. సింహాసనం ముందర పొగ వంకీలు తిరుగుతోంది.

"అయ్యో అయ్యో, ఏం చేస్తున్రు! గాలి ఆడొద్దంటె పొగ పెడతరా?"

"హారతి లేకుండ దర్బారెట్ల తెరుస్తరు సార్?"

రావు గారు కోపంగా వచ్చారు. వచ్చి, హారతి కళ్ళకద్దుకున్నారు. తర్వాత మళ్ళీ కోపంగా వెళ్ళారు.

పొగ పోయాక తీశారు. చిన్న కంప్యూటరులో కలిపి చూస్తే బొమ్మంతా జల్లెడే. ఎవరు కదిలారు? నేను కాదు. పైన మిద్దె మీద వంటవాళ్ళు సాయంత్రానికి మసాలా రుబ్బుతున్నారు. ఆ గ్రైండరుకు నేల సన్నగా అదురుతోంది. లావణ్య పైకి పోయి బతిమాలింది. వంటమాస్టరు కిందికి దిగి వచ్చాడు.

"ఇది ఆపితే రాత్రికి ఫంక్షనోళ్ళు నన్ను రుబ్బుతరమ్మా."

నేను రాజు గొంతుతో గంభీరంగా ఆజ్ఞాపించాను. ఆయన నన్ను పైనుంచి కిందికి చూసి, "ఈయనెవలు?" అన్నాడు. అప్పుడు చెన్నయ్య తువ్వాలు కొంగులాగా నెత్తి మీద వేసుకున్నాడు. డెబ్భై దాటిన మనిషి మెడ కొంచెం వంచి, రాణి గొంతుతో అన్నాడు.

"స్వామీ, దాసి ఒక్క కోరిక కోరరాదా? రెండంటె రెండు నిమిషాలు..."

మాస్టరు కడుపు పట్టుకుని నవ్వాడు. గ్రైండరు ఆగింది. పైన వంటవాళ్ళు, కింద మేము, అందరం ఊపిరి బిగబట్టాము. కెమెరా టక్, టక్ మంటూ తన పని చేసుకుంది. ఆ రెండు నిమిషాలు మా తెర కదలలేదు. మొదటిసారి చూశాను దాన్ని, అలా నిలబడి ఉండగా. పదహారోది పడిన వెంటనే కుడి స్తంభం దగ్గర వేలాడే పెచ్చు ఊడి కింద పడింది.

మళ్ళీ చిక్కడపల్లి

రావు గారి ఇంట్లో పెద్ద కంప్యూటరు ముందర కూర్చున్నాము. పదహారూ ఒకటయ్యేసరికి రెండు సార్లు చాయ్ అయింది. ఉస్మానియా బిస్కెట్లు పెట్టారు. ఈసారి మొదటిసారికే తల ఊపాను.

బొమ్మ వచ్చింది.

రెండు రోజులుగా వెక్కిరిస్తున్నాను గనుక ఇక్కడ ఉన్నమాట రాయాలి. అలాంటిది నేను చూడలేదు. నెమలి ఈకలో కుంచె వెంట్రుక వెంట్రుకా తెలుస్తోంది. సింహాసనం కాలు దగ్గర చిత్రకారుడి వేలిముద్ర ఉంది. పెట్రోమాక్సు మసి కింద బంగారు రంగు ఎక్కడ మిగిలిందో కూడా కనపడుతోంది. లావణ్య ఆ ఫొటోలో సింహాసనం ఉన్న ముక్క వరకు కోసి ఫోనులో ఊరి పిల్లలకు పంపింది. పంపినంతసేపు పట్టలేదు, జవాబు వచ్చింది. 'ఫ్లెక్సు ఆపినం. తాతకు చెప్పు.'

నేను లేచి నిలబడి చెన్నయ్య వీపు మీద చరిచాను. అప్పుడే రావు గారు కుడి వైపు పెద్దది చేస్తూ, "గివేంది? చుక్కలు చుక్కలున్నయి," అన్నారు.

బొక్కలు. సూది బొక్కలు. ఒక్కోదాని చుట్టూ సన్నని తుప్పు మరక.

వాళ్ళకు తెలియదు గనుక చెప్పాను. నాటకం మధ్యలో ఆట నచ్చినవాళ్ళు నోటు తెచ్చి గుండుసూదితో గుచ్చుతారు. వేరే ఊళ్ళలో వేషగాడి బట్టలకే గుచ్చుతారు. మా ఊళ్ళో కుదరదు. రాజు కోటు కిరాయిది, బొక్క పడితే కిరాయికిచ్చినవాడు జుర్మానా వేస్తాడు. రాణి చీరలు ఊరి ఆడవాళ్ళ దగ్గర అడిగి తెచ్చుకున్నవి, బొక్క పడితే వాళ్ళు ప్రాణం తీస్తారు. అందుకని వేషగాడు నిలబడ్డ చోట, వాడి వెనకున్న తెరకు గుచ్చడం మా ఆచారం. గుచ్చినవాడి పేరు మైకులో చదువుతారు.

"రాజు ఏ దిక్కు నిలబడేది?" అంది లావణ్య.

"ఎడమ దిక్కు."

రావు గారు ఎడమ వైపు పెద్దది చేశారు. అక్కడక్కడా కొన్ని ఉన్నాయి. మళ్ళీ కుడి వైపుకు తెచ్చారు. గుప్పెళ్ళతో మినుములు చల్లినట్టున్నాయి. నేను చూడలేదనడానికి లేదు. కానీ నలభై ఏళ్ళు నేను ఆ తెరకు వీపు పెట్టే నిలబడ్డాను.

"మిషిన్ తప్పు," అన్నాను.

"అంచనా ఉండదని చెప్తిని గద," అన్నారు రావు గారు.

"మరి మైకుల అన్నీ నా పేరు మీదనే చదివిన్రు!"

"చదివిచ్చినోళ్ళు మొగోళ్ళు బావా," అన్నాడు చెన్నయ్య, బిస్కెట్టు చాయ్‌లో ముంచుతూ. "ఆడోళ్ళు పక్క నుంచి వచ్చి గుచ్చి పోతుండె. పేరు చదవొద్దంటుండె. యేటా చీరెలు వాళ్ళయే గద. ఎవలి చీర నేను కట్టుకుంటె వాళ్ళొచ్చి గుచ్చుతుండె."

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వు సంతోషంగుంటివి."

నాకు ఒక అనుమానం వచ్చింది. రానివ్వకుండా ఉండాల్సింది. ఇంటికి ఫోను చేశాను. నా భార్య బాలమణి ఎత్తింది. లావణ్య చెయ్యి చాపి, అందరికీ వినపడేటట్టు చేసింది.

"తెర ఆగమైందా?" అంది బాలమణి.

"కాలే. నువ్వు ఎప్పుడన్న తెరకు నోటు గుచ్చినవా?"

"గుచ్చిన. ఎందుకు?"

"ఏ దిక్కు?"

"నా చీర నిలబడ్డ దిక్కు."

"నేను ఈ దిక్కుంటి గద!"

"నీ మీదున్నది కర్నూలు కిరాయి కోటు. దానికి నేనెందుకు గుచ్చుత? నా ఆకుపచ్చంచు చీర, దీపాల ముందట ఎట్ల మెరిసె! నేను కట్టుకుంటె పొయ్యి కాడ ఎవలు చూసిన్రు?"

"పేరన్న చదివియ్యకపోతివి."

"చదివిస్తె మీ అమ్మ ఊకుంటుండెనా?" అని పెట్టేసింది.

సుగుణమ్మ గారు నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి పోయారు. ఆపుకోలేదు, వినపడింది.

రావు గారికి నా మీద జాలి కలిగింది. "పరేషాన్ గాకున్రి పెద్దాయనా. కంప్యూటర్ల ఈ బొక్కలన్ని పూడ్చేస్త. కొత్త తెర మీద ఒక్కటి కనపడది."

"పూడ్చున్రి సార్," అన్నాడు చెన్నయ్య కూడా. "రాజు దర్బారుకు బొక్కలేంది, బాగుండది."

వాడు నిజంగానే అన్నాడు. గెలిచినవాడికి ఆ మాట అనడం సులువు. నేను బొమ్మ వైపు చూశాను. ఎడమ పక్క బంగారు స్తంభం శుభ్రంగా ఉంది. కుడి పక్క స్తంభానికి అమ్మవారు పోసినట్టుంది. మౌస్ మీద రావు గారి వేలు సిద్ధంగా ఉంది.

"ముట్టొద్దు సార్," అన్నాను. "ఒక్కటి కూడ పూడ్చొద్దు."

"మీకే నష్టం గద?"

"నష్టమే. ఉండనియ్యున్రి."

కొత్త తెర అచ్చయి వచ్చింది. శివరాత్రి తర్వాత జాతరకు కడతాము. ఒక విషయం ముందే చెప్పాను పిల్లలకు. హారతి అయ్యాక మైకు ఒకసారి నాకివ్వాలి. చెన్నయ్యకు ఏ ఏడు ఎవరి చీర కట్టాడో, దాని అంచు ఏమిటో ఈనాటికీ నోటికి వచ్చు. వాడు చెబుతుంటే నేను రాసుకున్నాను. మైకులో చదివేది అదే.

ఆ ఆదివారం అక్కడున్నవాళ్ళు: కెమెరా పట్టిన వేణుగోపాలరావు గారు, పచ్చిపులుసు పెట్టిన సుగుణమ్మ గారు, దోమలగూడ విఠల్ గారు, హాలు ఇచ్చిన యాదగిరి, గ్రైండరు ఆపిన వంటమాస్టరు (పేరు అడగలేదు, మా తప్పు), లావణ్య, రాణి చెన్నయ్య, రాజు అంజిలయ్య అనే నేను. తెర మీద కుడి పక్కన ఉన్నవాళ్ళు: మిరపపండు రంగు చీర ఎల్లమ్మ, నెమలిపింఛం రంగు చీర కిష్టమ్మ, జరీ పువ్వుల చీర సాయమ్మ, వంకాయ రంగు చీర పెద్ద లచ్చమ్మ, అదే రంగు కావాలని కొనుక్కున్న చిన్న లచ్చమ్మ, పసుపు గళ్ళ చీర మాసమ్మ, ఆకుపచ్చంచు చీర బాలమణి.